తన కథ తాను చెప్పుకొన్ననాడు

జూన్ నెలలో బడులు తెరచిన మొదటి వారంలో ప్రతి తరగతిలోను ఒక చిన్న తంతు జరుగుతుంది. ఉపాధ్యాయుడు హాజరు పట్టీ తెరచి, క్రొత్తగా చేరిన పిల్లలను ఒక్కొక్కరినే లేపి, పేరేమి, ఊరేమి, తండ్రి ఏమి పని చేస్తాడని అడుగుతాడు. ఇంచుమించు అందరూ గట్టిగానే జవాబు చెబుతారు. వెనుక బల్ల మీది ఒక బాలుడు మాత్రం పేరు గట్టిగా చెప్పి, ఊరు గట్టిగా చెప్పి, తండ్రి పని దగ్గరకు వచ్చేసరికి గొంతు తగ్గిస్తాడు. ఆ తండ్రి చెప్పులు కుట్టేవాడు కావచ్చు, కాటికాపరి కావచ్చు, ఊరిలో ఏ పనీ దొరకక వలసపోయినవాడు కావచ్చు. తగ్గిన ఆ గొంతును ఉపాధ్యాయుడు ఆలకించినాడా, లేక "గట్టిగా చెప్పరా" అని గద్దించి తరువాతి పేరు పిలిచినాడా అన్నదాని మీద ఆ పిల్లవాడి చదువులో సగభాగం ఆధారపడి ఉంటుందంటే అతిశయోక్తి కాదు.

తన పుట్టుకను, తన ఇంటిని, తాను పడిన పాట్లను మనిషి తన నోట చెప్పుకొనుట తేలికయిన పని కాదు. "కడుపు చించుకొంటే కాళ్ల మీద పడుతుంది" అని మన పెద్దల మాట. ఇంటి గుట్టు బయట పెడితే పోయే పరువు మనదే గనుక నోరు మూసుకొమ్మని దాని భావం. లోకజ్ఞానం నిండిన సామెతే. కాని అందులో ఒక అన్యాయమున్నది. ఆ కడుపు ఎవరి కత్తికి చీలినదో సామెత అడుగదు. గాయపడినవాడు గాయాన్ని దాచుకోవాలన్న నీతిని మనం ఇన్ని తరాలుగా బోధించినాము గనుకనే మన చరిత్రలో అధిక భాగం వ్రాతకెక్కకుండా మిగిలిపోయినది. ఇటీవలి వంద సంవత్సరాలలో ఆ నీతిని ధిక్కరించి తమ కథ తాము చెప్పుకొన్నవారు మన భాషలో పలువురున్నారు. వారి మాటలను మనం ఎట్లా వింటున్నామన్నదే ఈనాటి మా ప్రస్తావన.

తెలుగు వచనంలో ఆత్మకథకు ఆద్యులుగా మనం తలచుకొనే కందుకూరి వీరేశలింగం పంతులుగారు స్వీయ చరిత్రమును రెండు భాగాలుగా వ్రాసినారు. మొదటి భాగం 1911లో, రెండవది 1915లో వెలువడినవి. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వారు తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు ఊరు వెలివేసినది, వంటవారు మానినారు, నీళ్లు మోసేవారు మానినారు. ఆ రోజులలో పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు గోదావరి నుండి నీళ్లు తానే మోసి తెచ్చి, ఇంటిల్లిపాదికీ తానే వండి పెట్టినారు. ఇది మనందరికీ తెలిసిన కథ. కాని ఎవరి నోట తెలిసినది? భర్తగారి నోట, ఆ తరువాత ఇతరుల నోట. బిందె భుజానికెత్తుకొని ఏటి గట్టు ఎక్కుతున్నప్పుడు దారి పొడుగునా ఆమెకు వినిపించిన మాటలేమిటో, ఆ రాత్రి ఆమె మనసులో ఏమి మెదిలినదో ఆమె మాటలలో మనకు దక్కలేదు. పంతులుగారు కృతజ్ఞతతోనే వ్రాసినారు. అయినను, ఎంత ప్రేమ గలవారు చెప్పినా మరొకరి నోట పడిన కథలో చెప్పినవారి చూపే ప్రధానమవుతుంది. ఆమె ఓర్పు మనకు మిగిలినది, ఆమె అభిప్రాయం మిగులలేదు.

ఈ భేదాన్ని పట్టుకొన్నవారికి గుఱ్ఱం జాషువగారి 'గబ్బిలం' క్రొత్తగా కనబడుతుంది. 1941లో వెలువడిన ఆ కావ్యంలో అస్పృశ్యుడైన ఒక నిరుపేద తన గోడును కాశీలోని శివునికి విన్నవించుకోదలచినాడు. గుడిలోకి అతనికి ప్రవేశం లేదు. అతని గుడిసెలోకి వచ్చిన గబ్బిలానికి ప్రవేశమున్నది, గర్భగుడి చూరున అది వ్రేలాడినా ఎవరూ కాదనరు. అందుచేత ఆ పక్షితో సందేశం పంపినాడు. హంసలతో, మేఘాలతో రాయబారాలు నడిపిన కావ్యపరంపర మనకున్నది. ఆ పరంపరలో గబ్బిలాన్ని నిలుపుట కవి చమత్కారమని మాత్రమే చదివితే అసలు సంగతి చేజారుతుంది. దేశంలో ఇందరు మనుషులుండగా తన కథ వినగలవారు ఒక్కరూ కానరాక అతడు గబ్బిలాన్ని ఆశ్రయించినాడు. ఆనాటి సమాజంలో చెప్పగలవాడున్నాడు, చెప్పవలసినదున్నది, వినేవాడు లేడు. కావ్యమంతా ఆ లోటు నుండి పుట్టినది.

జాషువగారు 1895లో వినుకొండలో జన్మించినారు. బడిపంతులుగా పనిచేసినారు, రాజమహేంద్రవరంలో మూకీ చిత్రాలకు కథ చదివి వినిపించే పని చేసినారు, చివరకు ఆకాశవాణిలోను ఉన్నారు. హిందువులు అంటరానివాడని దూరముంచినారు. పురాణ కథలు వ్రాసినందుకు క్రైస్తవులలోను కొందరు దూరముంచినారు. ఇటువంటి జీవితాన్ని వారు 'నా కథ' అన్న పేర పద్యాలలోనే చెప్పుకొన్నారు. ఏ పద్యవిద్య తనకు తగదని కొందరు నిండు సభలో ఎద్దేవా చేసినారో ఆ పద్యంలోనే తన బ్రదుకును పోతపోసినారు. ఉపాధ్యాయులు గమనించదగిన విషయమొకటి ఇక్కడ ఉన్నది. పరీక్ష కొరకు మనం జాషువగారి పద్యాన్ని పదవిభాగం చేసి చెబుతాము, అలంకారం చెబుతాము, సమాసం పేరు చెబుతాము. ఆ పద్యం వ్రాసినవారిని ఏ బావి దగ్గర ఆపినారో, ఏ పంక్తిలో నుండి లేపినారో చెప్పుటకు మాత్రం గంట చాలదు.

వినేవారు కరవైనప్పుడు కథ ఎంత కాలం మూగగా ఉండిపోతుందో తెలుపుటకు తెలంగాణ రైతాంగ పోరాటమే సాక్షి. 1946 నుండి 1951 వరకు సాగిన ఆ పోరాటంలో వేలాది స్త్రీలు పాల్గొన్నారు. అన్నం వండి అడవికి చేర్చినవారున్నారు, ఉత్తరాలు మోసినవారున్నారు, బుర్రకథలు చెప్పినవారున్నారు, తుపాకి పట్టినవారున్నారు. పోరాటం ముగిసిన తరువాత నాయకుల పేర్లతో చరిత్రలు వచ్చినవి. స్త్రీలను ఇండ్లకు వెళ్లి కాపురాలు చూచుకొమ్మన్నారు. సుమారు ముప్పదియైదు సంవత్సరాలకు గాని వారిని వెదకికొని వెళ్లి, ఎదుట కూర్చుండి, చెప్పండమ్మా అని అడిగినవారు లేరు. స్త్రీశక్తి సంఘటన వారు ఆ పని చేసి 1986లో ప్రకటించిన గ్రంథానికి 'మనకు తెలియని మన చరిత్ర' అని పేరు పెట్టినారు. ఆ పేరే ఒక సంపాదకీయానికి సమానం. విసునూరు దేశముఖును ఎదిరించి తన నాలుగెకరాల చేను నిలుపుకొన్న చాకలి ఐలమ్మగారి వంటి వారి మాటలు వారి పలుకుబడిలోనే అందులో ఉన్నవి. ఆ స్త్రీలు విజయాలు మాత్రమే చెప్పలేదు. చంటిబిడ్డలను వదలి వెళ్లవలసి వచ్చిన బాధ చెప్పినారు, సొంత సహచరులే చులకనగా చూచిన సందర్భాలు చెప్పినారు, పోరాటం ఆగిన తరువాత బ్రదుకు ఎంత ఇరుకయినదో చెప్పినారు. చరిత్ర గ్రంథాలలో మనం చదువుకొన్న పోరాటానికి ఇవి అనుబంధాలు కావు, అంతవరకు మనకు కానరాని సగభాగం.

ఆ తోవలోనే కొండపల్లి కోటేశ్వరమ్మగారి 'నిర్జన వారధి' 2012లో వెలువడినది. 1918లో పుట్టిన ఆమెకు అప్పటికి తొంబది సంవత్సరాలు దాటినవి. ఊహ తెలియని వయసులో పెండ్లి, ఊహ తెలియకుండగనే వైధవ్యం. పునర్వివాహం, ఉద్యమం, అజ్ఞాతవాసం. ఆ తరువాత భర్తతో ఎడబాటు, కన్నబిడ్డలను పోగొట్టుకొనుట. నడివయసులో మరల చదువు మొదలుపెట్టి, కాకినాడలో విద్యార్థినుల వసతి గృహంలో ఉద్యోగం చేసి తన కాళ్ల మీద తాను నిలబడినారు. ఇంత దుఃఖం చెప్పిన పుస్తకంలో ఎక్కడను దీనాలాపం లేదు, ఎవరి మీదను శాపనార్థం లేదు. మల్లు స్వరాజ్యంగారు ముచ్చటించగా మరి ఇద్దరు స్త్రీలు వ్రాసి కూర్చిన 'నా మాటే తుపాకీ తూటా' 2019లో వచ్చినది. ఒకరు స్వయంగా వ్రాసినారు, ఒకరు చెప్పి వ్రాయించినారు. ఒకరిది నెమ్మదైన స్వరం, ఒకరిది గర్జన. ఒకే ఉద్యమంలో నడచిన ఇద్దరి కథలు ఇంత వేరుగా ఉండుట చూచినప్పుడు, "స్త్రీల అనుభవం" అని ఒక్క మాటలో ముడివేసి అటక మీద పెట్టుట ఎంత తప్పో తెలుస్తుంది.

ఇంతవరకు చెప్పినదానితో పాఠకులకు పేచీ ఉండదని మా నమ్మకం. ఇటువంటి కథలను మనం గౌరవిస్తున్నాము, బహుమతులిస్తున్నాము, సభలు చేస్తున్నాము. అయితే మా అనుమానమంతా ఆ గౌరవం గురించే. కష్టాలకోర్చి పైకి వచ్చినవారి కథ వినగానే మన నోట వెంటనే వచ్చే మాట "ఎంత ఓర్పు, ఎంత పట్టుదల" అన్నది. ఆ మాటతో వేదిక మీదివారు తృప్తిపడతారు, క్రిందివారు చప్పట్లు కొడతారు, కథ ముగుస్తుంది. ఓర్పును పొగడినవారు ఓర్చుకోవలసిన అవసరం ఎందుకు వచ్చినదని అడుగరు. పొగడ్త ఆ ప్రశ్నను మెల్లగా ప్రక్కకు నెట్టివేస్తుంది.

ఒక్క ఉదాహరణ చూతము. వై.బి. సత్యనారాయణగారు తమ కుటుంబం కథను 2011లో ఇంగ్లీషులో ప్రకటించినారు. తెలుగులో అది 'మా నాయన బాలయ్య' అయినది. కరీంనగర్ ప్రాంతంలోని వంగపల్లి వారి పూర్వుల ఊరు. వారి ముత్తాతకు నిజాం ప్రభువు భూమి బహుమానంగా ఇచ్చినాడు. ఆ భూమిలో అధిక భాగం ఊరి దొర చేతిలోకి పోయినది. దానితో తాత నర్సయ్య ఊరు విడిచి వెళ్లినారు. రైల్వేలో చిన్న ఉద్యోగం, నెలకింత జీతం, దొర చేతికి అందని కాపురం. ఆ కొడుకు బాలయ్యగారికి తన బిడ్డలను చదివించుకొనే వీలు కలిగినది. ఆయన కుమారుడు రసాయన శాస్త్రం బోధించే అధ్యాపకులైనారు. ఈ కథను పట్టుదలకు పాఠంగా చెప్పవచ్చును, చెబుతున్నాము కూడా. కాని ఆ పుస్తకం అంతకంటె కఠినమైన పాఠం చెబుతున్నది. వంగపల్లిలో ఉండి ఎంత పట్టుదల పట్టినా ఆ భూమి తిరిగి వచ్చేది కాదు. పట్టుదలకు ఫలితం దక్కినది ఊరి కట్టుబాట్లు అంతగా సాగని చోటికి వెళ్లిన తరువాత. రైలు పట్టాల ప్రక్కన నెల తిరిగేసరికి చేతికి వచ్చే జీతం, పిల్లలకు అందుబాటులో ఉన్న బడి, ఈ రెండూ ఆ కుటుంబానికి మెట్లయినవి. మెట్లు దొరకని కుటుంబాలు ఆ ఊరిలో ఎన్ని మిగిలినవి? వారిలో పట్టుదల తక్కువై మిగిలినారా? ఈ ప్రశ్న వేయని పాఠకుడు పుస్తకం చదివినట్లు కాదు.

బోయి భీమన్నగారి ఆత్మకథ పేరు 'పాలేరు నుంచి పద్మశ్రీ వరకు'. 1911లో కోనసీమలోని మామిడికుదురులో పుట్టిన ఆ కవికి 1973లో పద్మశ్రీ లభించినది. ఆ పేరులో రెండు కొసలున్నవి. సభలలో మనం ఎప్పుడూ రెండవ కొసనే పట్టుకొంటాము. పద్మశ్రీ మనకు గర్వకారణం, పాలేరుతనం మనకు సిగ్గుచేటు. గర్వకారణాన్ని మాత్రం ఉంచుకొని సిగ్గుచేటును ఆయనకే వదలివేయుట ధర్మం కాదు. ఒక బాలుడు పాలేరుగా పుట్టవలసిన ఏర్పాటు ఆయన చేసుకొన్నది కాదు, ఊరందరూ కలిసి చేసినది. ఆ కథలో ఊరివారందరికీ వాటా ఉన్నది. ఆత్మకథలను మనం "వారి కథ" అని చదివినంత కాలం వాటిలో మన పాత్ర మనకు కనబడదు.

దీనికి కొన్ని అభ్యంతరాలు లేకపోలేదు. పాత గాయాలు కెలికితే పిల్లల మనసులలో భేదభావం పెరుగుతుందని కొందరు పెద్దలంటారు. వారి సదుద్దేశాన్ని మేము శంకించము. అయితే భేదం కథ చెప్పుట వలన పుట్టలేదు. ఊరికి ఒక బావి, వాడకు ఒక బావి అన్ననాడే పుట్టినది. దానిని గురించి మాట్లాడకపోవుట ఒక వర్గం పిల్లలకు మాత్రమే సౌఖ్యం. రెండవ వర్గం పిల్లలు ఆ సంగతి ఇంటి వద్ద నేర్చుకొనే బడికి వస్తారు. బడిలో ఎవరూ దాని ఊసెత్తకపోతే అది తమ ఇంటి తప్పేనని నమ్ముతారు. అంతకంటె పెద్ద గాయం మరొకటి లేదు. మరికొందరు, ఆత్మకథలో ఆత్మస్తుతి చేరుతుందనీ, జ్ఞాపకం మోసం చేస్తుందనీ అంటారు. నిజమే. వీరేశలింగం పంతులుగారు మొదలుకొని నేటివరకు ఏ స్వీయ చరిత్రయు దానికి అతీతం కాదు. ప్రభుత్వ దస్తావేజు కూడ ఎవరో ఒకరు తమ అవసరానికి వ్రాసినదే. దానినీ దీనినీ ఎదురెదురుగా పెట్టి చదువుటయే విద్యార్థికి నేర్పవలసిన విద్య.

కథ చెప్పే భాష గురించి కూడ ఒక మాట. తన బ్రదుకును మనిషి తన ఇంటి పలుకుబడిలోనే నిండుగా చెప్పగలడు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడుగారు 'పచ్చనాకు సాక్షిగా' చిత్తూరు జిల్లా పల్లె మాటలో వ్రాసినప్పుడు, మహమ్మద్ ఖదీర్ బాబుగారు 'దర్గామిట్ట కతలు' నెల్లూరు సీమ ముస్లిం ఇంటి తెలుగులో వ్రాసినప్పుడు, ఆ అమ్మలు, ఆ అవ్వలు, ఆ వీధి పిల్లలు మన ఎదుటకు వచ్చి కూర్చున్నారు. ఆ మాటలను పుస్తక భాషలోకి దిద్దితే కథ మిగిలేది, మనిషి మిగిలేవాడు కాదు. ఈ సంపాదకీయం వ్రాసే భాష మాకు అలవాటైనది గనుక వ్రాస్తున్నాము. ఇదే తెలుగని, మిగిలినవి తప్పులని చెప్పే అధికారం మాకు లేదు. తరగతిలో పిల్లవాడు తన ఇంటి సంగతి చెప్పబోయి ఇంటి మాట పలికితే, సంగతి వదలి మాటను దిద్దే అలవాటు మనలో చాలమందికి ఉన్నది. రెండుసార్లు దిద్దితే మూడవసారి ఆ బాలుడు నోరు విప్పడు. భాష చక్కబడినదని మనం సంతోషిస్తాము. నిజానికి ఒక కథ మూతపడినది.

మనకు బొత్తిగా పరిచయం లేని జీవితాలను వినుట ఇంకను కష్టం. తమిళనాడులోని నామక్కల్ ప్రాంతంలో పుట్టిన రేవతిగారు హిజ్రాగా తన జీవితాన్ని తమిళంలో వ్రాసుకొన్నారు. అది 2010లో ఇంగ్లీషులోను, తరువాత పి. సత్యవతిగారి అనువాదం వలన 'ఒక హిజ్రా ఆత్మకథ' అన్న పేర తెలుగులోను వచ్చినది. ఆ అనువాదానికి 2019 సంవత్సరపు సాహిత్య అకాడమీ అనువాద బహుమతి లభించినది. హిజ్రాలను మనం రైలు పెట్టెలలో, అంగళ్ల ముందర చూచి ముఖం త్రిప్పుకొనుటయే ఎరుగుదుము. వారి గురించి చెప్పుకొన్న హాస్యాలు లెక్కలేనన్ని, వారు తమ గురించి చెప్పుకొనగా విన్నది శూన్యం. ఆ పుస్తకంలో ఇంటిలోనివారి దెబ్బలున్నవి, బడిలోని గేలి ఉన్నది, తల్లిదండ్రుల మీద చావని మమకారమున్నది. స్త్రీ పురుషులకు చేరని వారిని మూడవ వర్గంగా గుర్తించి వారి హక్కులను కాపాడవలెనని సుప్రీం కోర్టు 2014లో తీర్పు చెప్పినది. చట్టం గుర్తించినవారిని మనసు గుర్తించుటకు ఇటువంటి పుస్తకాలే దారి చూపుతాయి. తెలియనివారి కథ విన్న తరువాత మన పాత హాస్యం మన నోట రాకపోతే, అంతమాత్రం చాలు, ఆ పుస్తకం తన పని చేసినట్లే.

వినుట ఎట్లా ఉండవలెనో చూపిన ఉపాధ్యాయుడొకరు మనలోనే ఉన్నారు. గిడుగు రామమూర్తి పంతులుగారిని వ్యావహారిక భాషోద్యమ నాయకులుగా ప్రతి ఏటా ఆగస్టు 29న తలచుకొంటాము. పర్లాకిమిడిలో చరిత్ర బోధించే బడిపంతులుగా ఉండగా ఆయన దృష్టి ఆ కొండలలోని సవరల మీద పడినది. వారికి చదువు చెప్పవలెనని అనుకొన్నారు. అనుకొన్నవారు చాలమంది ఉండవచ్చును. ఈయన చేసినదేమిటంటే, ముందుగా వారి భాష తాను నేర్చుకొన్నారు. సవర పిల్లలకు సవర భాషలోనే వాచకాలు తయారుచేసినారు. ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు కూర్చినారు. వ్యాకరణం 1931లోను, నిఘంటువు 1938లోను అచ్చయినవి. శిష్యునికి నోరు ఇవ్వక ముందు గురువు తన చెవిని సిద్ధం చేసుకొన్నాడు. బోధనకు మొదటి మెట్టు వినుట అన్నదానికి మన దేశంలో ఇంతకంటె గట్టి దృష్టాంతం వెదకనక్కరలేదు.

ఉపాధ్యాయ మిత్రులకు మా మనవి ఈ దృష్టాంతం నుండి పుట్టినదే. పిల్లలను లేపి నిలబెట్టి "నీ కష్టాలు చెప్పు" అని అడుగవలదు. తన కథ తాను చెప్పుకొనే హక్కులో చెప్పకుండ ఉండే హక్కు కూడ ఉన్నది. చెప్పే ఘడియను ఎన్నుకొనవలసినది ఆ బిడ్డయే. ఆ ఘడియ వచ్చినప్పుడు భయం లేని చోటు ఒకటి తరగతిలో ఉన్నదని మాత్రం మనం తెలియజేయవలెను. ఇంటివారి చేతిపనులకు సంబంధించిన మాటలు సేకరించి తెమ్మనవచ్చును. మగ్గం మాటలు, సారె మాటలు, పడవ మాటలు, చెప్పుల గూటంలోని మాటలు, పొలం మాటలు నల్లబల్ల మీద ప్రక్కప్రక్కన చేరినప్పుడు ఏ పని పేరు చెప్పుటకును గొంతు తగ్గించవలసిన అవసరముండదు. అవ్వ చిన్నతనంలో బడికి ఎందుకు పోలేదో అడిగి వ్రాసుకొని రమ్మనవచ్చును. వ్రాసి తెచ్చినదానికి మార్కులు వేయవలదు. పొగడ్తకు తొందరపడవలదు. "అయ్యో పాపం" అసలే వలదు. "తరువాత ఏమయినది, అప్పుడు ఊరివారు ఏమన్నారు" అని మరొక ప్రశ్న అడిగితే చాలు. ఆ ప్రశ్నలో గౌరవమున్నది, న్యాయవిచారణ కూడ ఉన్నది.

విద్యార్థులకు చెప్పవలసినది వేరుగా ఉన్నది. మీ ఇంటిలో ఎవరూ పుస్తకం వ్రాసి ఉండకపోవచ్చును. మీ నాయనమ్మకు చేవ్రాలు కూడ రాకపోవచ్చును. ఐలమ్మగారు తన కథను చెప్పినారే గాని వ్రాయలేదు. ఒకరు అడిగినారు, ఒకరు వ్రాసుకొన్నారు, అది చరిత్ర అయినది. అడిగే పని మీది. ఏ సంవత్సరం కరవు వచ్చినది, ఏ ఊరికి వలస పోయినారు, కూలి ఎంత ఇచ్చినారు, బావిలో నీళ్లు ఎవరు తోడనిచ్చినారు, ఎవరు తోడనివ్వలేదు, ఆపదలో చేయి అందించినదెవరు అని అడిగి, వారు పలికిన మాటను మార్చక వ్రాసి ఉంచండి. చేయి అందించినవారిని మరువవలదు. ప్రతి కష్టగాథలోను ఎక్కడో ఒకచోట ఒక మంచి మనిషి తలుపు తీసి ఉంటాడు. ఆ తలుపు తీసినవారి కులం మతం కూడ వ్రాసి పెట్టండి. మనుషులు ఒకరికొకరు ఎంత అన్యాయం చేయగలరో, ఎంత ఆదుకోగలరో రెండూ తెలిసినప్పుడే చరిత్ర చదివినట్లు.

జాషువగారి నిరుపేదకు గబ్బిలం తప్ప వినేవారు లేకపోయిన కాలం గడచిపోయినదని మనం చెప్పుకొంటున్నాము. గడచినదో లేదో తేల్చుటకు పెద్ద సభలు అక్కరలేదు. వచ్చే జూన్ నెలలో బడి తెరచిననాడు హాజరు పట్టీ ముందర తేలుతుంది. వెనుక బల్ల మీది బాలుడు తండ్రి పని చెప్పే వేళకు గొంతు తగ్గించినప్పుడు, పంతులుగారు కలం ప్రక్కన పెట్టి, తలయెత్తి, ఆ బిడ్డ ముఖం వంక చూచి విన్నారా లేదా అన్నదే దానికి జవాబు.